ఛత్రీ పుల్లల యాంటెనా

"అవ్వా, టీవీ ముందు కూసున్నవా? తిప్పుతున్న!"

బంగ్లా కప్పు మీద నుంచి ఐలేశ్ అరిచాడు. వెదురు బొంగును పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. బొంగు కొసన విరిగిన గొడుగులోంచి తీసిన ఛత్రీ పుల్లలు, వాటికి చుట్టిన అల్యూమినియం తీగ. అక్కడి నుంచి వైరు గోడ మీదుగా దిగి, కిటికీలోంచి టీవీకి పోయింది.

హైదరాబాద్ దిక్కుకు మెల్లగా తిప్పాడు. కింద టీవీ గుయ్యిమనడం ఆగిపోయింది.

"వచ్చిందా?"

బొంగును అదిమి పట్టి చెవి రిక్కించాడు.

"అవ్వా!"

"యాడిది బిడ్డా, అన్ని చుక్కలే. మోతకు చెవులు పలుగుతున్నయని సౌండు బంద్ జేసిన."

ఐలేశ్ పళ్లు కొరికాడు. మొన్నటి గాలికి బచ్చన్నపేటలో కేబుల్ తీగలు తెగాయి. కేబులాయన ఫోనెత్తడు. ఇవాళ మధ్యాహ్నం హైదరాబాద్‌లో తెలంగాణ కోసం పెద్ద సభ. పోలీసులు అనుమతి ఇచ్చారని ఒకడు, ఇవ్వలేదని ఇంకొకడు ఫోన్లు చేస్తున్నారు. ఊరి నుంచి పోయే డీసీఎం వ్యాను బస్టాండు దగ్గర సిద్ధంగా ఉంది.

నాయనమ్మ బాలనర్సమ్మ ఫోన్ల మాట నమ్మదు. టీవీలో కింద పోయే అక్షరాలు నమ్ముతుంది. వాటిని చదవడం ఎవరూ నేర్పకుండా తానే కూడబలుక్కుని నేర్చుకుంది. నిన్న ఐలేశ్ చేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. "అనుమతి ఉన్నదని టీవీల వస్తె పో. నేనే సద్ది గట్టి పంపుత. లేదంటె గడప దాటద్దు."

ఆమె భయం ఐలేశ్‌కు తెలుసు. అరవై తొమ్మిదిలో తాత సారయ్య ఇట్లాగే లారీ ఎక్కి హైదరాబాద్ పోయాడు. పొద్దూకేసరికి వస్తానన్నాడు. లారీ వచ్చింది.

"ఇప్పుడు?"

"జర జనగామ దిక్కు తిప్పు... ఆ, ఆ... ఏదో మెరిసింది... పాయె బిడ్డా."

సందులోంచి హరీశ్ పరుగున వచ్చాడు. ఇద్దరూ ఇంటర్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు.

"ఏందిరా, పొద్దుగాల పొద్దుగాల కాకుల్ని గొడ్తున్నవా? బండి నిండింది, రా!"

"వార్తలు రానియ్‌రా."

"ఇంకేం వార్తలు? అనుమతిచ్చిండ్రు. మా బావ ఫోన్ జేసిండు."

"సభ రద్దయిందని నిన్న జెప్పింది గూడ మీ బావనే గద!"

హరీశ్ తల గోక్కున్నాడు. "ఆగు, నేను లోపలికి పోయి చూస్త."

"ఓరి హరీశూ, ఆడనే నిలవడు!" లోపలి నుంచి ముసలమ్మ గొంతు లేచింది. "ఇల్లంత పత్తి ఆరబోసిన. మా కోడలు సరళ ఏరి ఏరి నడుము పడిపోయింది. తొక్కినవంటె చూడు."

"చెప్పులిడిసి వస్తనే అవ్వా."

"నీ చెప్పులకన్న నీ కాళ్లే అధ్వాన్నం."

హరీశ్ నవ్వి గడప బయటే ఆగాడు. బస్టాండు నుంచి హారన్ మోగింది.

ఐలేశ్ వంగి, వదులైన తీగను పంటితో లాగి బిగించాడు. ఛత్రీ పుల్ల వేలికి గీరుకుని నెత్తురు కారింది. తుడుచుకోలేదు. బొంగును తూర్పుకు తిప్పాడు. పడమటికి తిప్పాడు.

"అవ్వా?"

"లేదు బిడ్డా. ఇంకొక్కసారి."

"ఇప్పుడు?"

"ఇంకొక్కసారి నాయినా... ఇంకొక్కసారి..."

తన కోసం ముసలామె కూడా ఇంత ఆరాటపడుతోందని ఐలేశ్ అనుకున్నాడు.

హారన్ ఈసారి ఆగకుండా మోగింది.

"ఒట్టు లేదు గిట్టు లేదు, దుంకురా!" హరీశ్ వెనక్కి నడుస్తూ అరిచాడు.

ఐలేశ్ పిట్టగోడ మీద ఒక కాలు వేశాడు. కింద వాకిలి, దాని అవతల రోడ్డు. దూకితే అయిపోతుంది. అరచేతికి నిన్నటి నెరిసిన జుట్టు ఇంకా తగులుతున్నట్టే ఉంది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మీరు పోండ్రి," అన్నాడు.

హరీశ్ ఉరికాడు. కొద్దిసేపటికి నినాదాలు లేచాయి. జెండాలు కట్టిన డీసీఎం చెరువు కట్ట మలుపు తిరిగి, దుమ్ములో కలిసిపోయింది.

ఐలేశ్ బొంగును పెరట్లోకి విసిరికొట్టాడు. పుల్లలు వంకర్లు పోయాయి. మెట్లు దిగి వచ్చేసరికి టీవీ ఆర్పేసి ఉంది. బాలనర్సమ్మ పత్తి కుప్ప పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"నా చేతగాలే అవ్వా," అన్నాడు ఐలేశ్. ఏడుపు ఆపుకుంటున్నాడు. "ఉత్త పుల్లలు. ఏం పనికిరాని యాంటెనా."

ఆమె అతని వేలు పట్టుకుని, ఇంత పత్తి తీసి నెత్తురు మీద అద్దింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"నీ పనిల ఏ తప్పు లేదు బిడ్డా," అంది.

మొదటి తిప్పుకే బొమ్మ వచ్చింది, కింద అనుమతి ఇచ్చారన్న అక్షరాలతో.