పులిసిన పెరుగు

ఆఫీస్ నుంచి వచ్చిన అల్లుడు అనుదీప్ తుమ్ముతూనే అన్నం ముందు కూర్చున్నాడు. అమెరికాలో, ఈ సన్నీవేల్‌లో చెట్లు పూశాయంటే అతని ముక్కు కారాల్సిందే.

"పొట్ట బాగుంటే ఈ ఎలర్జీ తగ్గుతుందట బాబూ. అందుకే మంచి బ్యాక్టీరియా ఉన్న షాపు పెరుగు తెప్పించాను," అంటూ మాణిక్యాంబ డబ్బా మూత తీసింది.

"మన పెరుగేది అత్తయ్యా?"

"ఆ పులిసిందా? పొద్దున మీ సీసాలోకి మజ్జిగ చేసి, గిన్నె తోమేశాను."

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది.

"తోడుకైనా ఉంచలేదా? ఆస్పత్రికి వెళ్లేముందు శ్రీవల్లి తోడేసిన పెరుగు అత్తయ్యా. రోజూ అందులోంచే ఒక చెంచా తీసి మళ్లీ తోడేస్తున్నాను."

కూతురు పోయినప్పుడు ఈ మనిషి కంట తడి పెట్టలేదని ఇన్నాళ్లూ లోలోపల తప్పుపట్టింది మాణిక్యాంబ. ఇప్పుడామె షాపు డబ్బాకి మూత పెట్టి పక్కకు జరిపింది.

"సీసా... మొత్తం తాగేశారా బాబూ?"

అతను బ్యాగ్ లాగి చూశాడు. సీసా అడుగున రెండు గుక్కలున్నాయి.

ఆమె పాలు వెచ్చబెట్టి, వేలు ముంచి చూసింది.

"ఈ వెచ్చన చాలు. శ్రీవల్లికి నేర్పిందీ ఇంతే. మజ్జిగలో ఉప్పేశాను, తోడుకుంటుందో లేదో... మీ చేత్తోనే పొయ్యండి నాయనా."