ఐదో పాట

"ఆ ముల్లు మద్రాసుకి తిప్పు జయరామా, నీకు దణ్ణం పెడతా. మూడున్నరకి గాలివాన సంగతి చెప్తారు గదా!"

చెంచమ్మ పంచాయతీ రేడియో గది గుమ్మం పట్టుకుని వగరుస్తోంది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. జయరామయ్య తల కూడా తిప్పలేదు. రేడియోకి చెవి ఆనించి, వేళ్లతో బల్ల మీద దరువు వేస్తున్నాడు.

"ఇప్పుడే రెండోది మొదలైంది. ఉండత్తా."

ఎక్కడో ఆస్ట్రేలియాలో గిటార్లు వాయించుకునే కుర్రాళ్ల బృందం ఒకటి ఆ ఏడాది అతనికి పిచ్చి పట్టించింది. వాళ్ల పాటల్లో తనకు బాగా నచ్చిన ఐదింటిని సుద్దముక్కతో గోడ మీద వరసగా రాసుకున్నాడు. ఇవాళ సిలోన్ రేడియో వాళ్లు శ్రోతలు కోరిన పాటల్లో ఆ బృందానివే వేస్తున్నారు. ఊళ్లో ఆ పాటలు అర్థమయ్యేది తనొక్కడికేనని అతని గొప్ప. అతనికీ సగమే అర్థమయ్యేది, అది వేరే సంగతి.

పంచాయతీ అతనికి అప్పజెప్పిన పని పాటలు వినడం కాదు. గాలివాన కబురు విని, వెంటనే గది ముందున్న సరుగుడు మానుకు ఎర్రజెండా ఎక్కించడం. జెండా కనబడితే తెప్పలన్నీ అలలు లేవకముందే ఒడ్డు చేరతాయి. రేడియో చెప్పకుండా జెండా ఎత్తకూడదని ఊరి కట్టుబాటు. జెండా బీరువాలో ఉంది. తాళంచెవి జయరామయ్య మొలతాడుకు ఉంది.

"తూరుపు నల్లబడిపోయింది. ఒడ్డున నిలబడి మీ మామ తెప్పకి కొంగు ఊపినా. అంతదూరం కనపడదు. జెండా అన్నా ఎత్తు నాయనా!"

"రేడియో చెప్పకుండా ఎత్తితే ఊరోళ్లు నన్ను నిలదీస్తారు."

"అయితే రేడియో చెప్పేది విను!"

"బ్యాటరీ అయిపోవస్తా ఉంది. మద్రాసుకి తిప్పి మళ్లీ సిలోన్‌కి తిప్పేలోగా ఇది కాస్తా చచ్చూరుకుంటుంది. తమ్ముడు కొత్త బ్యాటరీకి నెల్లూరు పోయినాడు. వాడు రాంగానే నీ మద్రాసు వినిపిస్తా, సరేనా?"

చెంచమ్మ నోరు తెరిచింది. ఏదో గుర్తొచ్చినట్టు మెడలో తాళి గుప్పిట పట్టుకుని మళ్లీ మూసుకుంది.

మూడో పాట వచ్చింది. జయరామయ్య గోడ మీద టిక్కు పెట్టాడు.

"అయినా మామకి ఇవాళ కొత్తా సముద్రం? పక్కన మీ ముత్యాలు ఉండనే ఉండాడు. తండ్రీకొడుకులిద్దరూ చేపల్లాగా ఈదుతారు. నువ్వే ఊరికే గుండెలు బాదుకుంటావు."

"ముత్యాలు..." అని చెంచమ్మ ఆగిపోయింది. "చెప్పకూడదు నాయనా. నువ్వే తెలుసుకో. జెండా ఎత్తు."

"ఏంది తెలుసుకునేది? నసక్కుండా పో!"

నాలుగోది కూడా అయింది. గాలికి కిటికీ రెక్క ఠపాలున కొట్టుకుంది. అప్పుడు రేడియోలో ఆవిడెవరో ఇంగ్లీషులో గబగబా ఏదో చదివింది. ఆ మాటల మధ్య ఒక పేరు వినబడింది. చిన్నపోలయ్య.

చెంచమ్మ నిలువునా ఉలిక్కిపడింది. "ఏందయ్యా? వాడి పేరు చెప్పిందే! వాడికేమైందంట?"

జయరామయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "ఏమీ కాలేదత్తా! నా తమ్ముడు సిలోన్‌కి కార్డు రాసినాడు! మా అన్నకి ఇష్టమైన పాట వెయ్యండని రాసినాడు! నాకు చెప్పనన్నా చెప్పకుండా ఎంత పని చేసినాడు చూడు దొంగ!"

చెంచమ్మ వచ్చి అతని కాళ్ల మీద పడింది. "నీ తమ్ముడి మీద అంత ప్రేముంటే తాళంచెవి ఇయ్యి. ఈ ఒక్కసారికి ఇయ్యి."

"వాడు నాకోసం అడిగిన పాట వినకపోతే సాయంత్రం వాడి మొహం ఎట్టా చూసేది?" అంటూ ఆమెను రెట్ట పట్టి లేపి, బయటికి నెట్టి గడియ పెట్టాడు. ఐదో పాట. గోడ మీద వరసలో మొదటిది. ధ్వని పూర్తిగా పెంచాడు. ఆమె తలుపు మీద రెండు చేతులా బాదింది. కాసేపటికి బాదడం మానేసింది.

పాట చివరికంటా మోగింది. ఆ వెంటనే రేడియో గురగురమని మూగబోయింది. తన అదృష్టానికి జయరామయ్య మురిసిపోయి, మనసారా ఒళ్లు విరుచుకున్నాడు. అప్పుడు వినబడింది బయట హోరు, ఒడ్డున జనం కేకలు.

తలుపు తీస్తే వాన మొహాన కొట్టింది. అలల దగ్గర తెప్ప ఒకటి తిరగబడి ఉంది. సరుగుడు మాను కిందికి నలుగురు చెంచమ్మ మొగుడు ఓబయ్యను మోసుకొచ్చి పడుకోబెట్టారు. నోట్లో ఇసుక, కళ్లు తెరుచుకునే ఉన్నాయి. చెంచమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

జయరామయ్య ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "అత్తా... ఇట్టా అవుతాదనుకోలేదు. ముత్యాలు ఏడీ?"

"ఇంట్లో ఉండాడు. తెల్లారి నించీ జొరం."

"మరి మామతో ఎవరు పోయినారు?"

చెంచమ్మ మెడలోని తాళి తీసి ఓబయ్య గుండె మీద పెట్టింది.

"ఈయన మీద ఒట్టేయించుకున్నాడు నాయనా. ఈయన పానంతో ఉన్నంతసేపూ నా నోరు రాలేదు. ఇంక చెప్పొచ్చు. 'నేను తెప్పెక్కినానని తెలిస్తే మా అన్న తంతాడు, నెల్లూరు పోయినాననుకోనీ' అన్నాడు నీ తమ్ముడు."