మాస్టారి అమ్మ

“ఫోన్ల చెప్తే అయిపోతది గదమ్మా. గంత దూరం ఒక్కదానివే పోతవా?” అన్నాడు సైలస్.

“ఫోన్ల చెప్పే మాటనారా అది?” అంది ప్రేమమణి, సంచిలో చీరలు సర్దుతూ.

వెంట వెళ్దామన్నా సైలస్ ఊరు దాటే వీల్లేదు. మౌలాలిలోని ఆ ఇంట్లో తల్లీకొడుకులు కడుపునిండా అన్నం తిని నెల దాటింది.

చెన్నై దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం, తర్వాత ఓడ, ఆఖర్న ఓ చిన్న పడవ. అండమాన్‌లో ఆ దీవి మీద మొత్తం నలభై గడపలు. అందరూ ఎప్పుడో శ్రీకాకుళం నుంచి చేపలవేటకొచ్చి నిలిచిపోయినవాళ్ళే. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, పడవ నీడ అడుగునున్న ఇసుక మీద పాకుతూ కనిపించింది. ఇంకెప్పుడైనా అయితే ప్రేమమణి మురిసిపోయేదే.

రేవులో వల బాగుచేస్తున్న ముసలామెను అడిగింది. “ఎరిక్ పనిచేసిన బడి ఎక్కడమ్మా?”

ఆమె అప్పలనరసమ్మ. రెండేళ్ళుగా ఎరిక్‌కి అన్నం వండిపెట్టింది ఆమే.

“మా మాస్టారా? సెలవులకి సికిందరాబాదు ఎల్లినోడు బడి తెరిసినా రానేదు. ఫోను కలవట్నేదు. నువ్వెక్కడినుండమ్మా?”

“సికింద్రాబాద్ నుంచే.”

“ఎలగున్నాడు మా బాబు?”

దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో మొదటివే బయటికొచ్చాయి.

“లేడమ్మా. యాక్సిడెంట్ అయింది. రోడ్డు మీదనే పోయిండు...”

ఇంకా ఏదో చెప్పబోయి, చెప్పలేక ఏడ్చేసింది.

అప్పలనరసమ్మ వల వదిలేసి ఆమెను వాటేసుకుంది. “ఓలమ్మో! ఎంత కష్టమొచ్చింది తల్లీ నీకు! ఇంటి ఊసెప్పుడూ ఎత్తీవోడు కాదు. ఎవులూ నేరనుకున్నాం. నువ్వున్నావన్నమాట!”

కాసేపట్లో దీవి దీవంతా రేవులో ఉంది. ‘మాస్టారి అమ్మొచ్చింది’ అన్న మాట ప్రేమమణి కంటే ముందే బడికి చేరింది.

తిరుగు పడవ మూడు రోజులకు గాని లేదు. ఏ ఇంట్లో పొయ్యి వెలిగినా మొదటి ముద్ద ఆమెకే. కొబ్బరిపాలు పోసిన చేపల పులుసు వడ్డించి, “మాస్టారికిదంటే పేణం” అన్నారు.

ఈత రాని ఎరిక్‌కి పిల్లలే ఈత నేర్పారట. బదులుగా అతను బడి గోడ నిండా రైలు గీశాడు. ఆ దీవి పిల్లలు రైలు చూసి ఎరగరు.

“సికిందరాబాదు టేసన్ చూపిత్తానన్నారు మాస్టారు,” అంది ఓ ఆడపిల్ల. “నువ్వు తీసుకెల్తావా మామ్మా?”

ప్రేమమణి ఆ పిల్ల తల నిమిరింది.

రోజూ తెల్లారగానే ఇవాళ చెప్పేయాలనుకునేది. చెప్పేలోపే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుని, ఎరిక్‌ని తలుచుకుని ఏడ్చేవాళ్ళు.

పడవ ఎక్కేటప్పుడు అప్పలనరసమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “కుమిలిపోకు తల్లీ. ఏడాదికోపాలైనా రా. ఇక్కడోళ్ళంతా నీ పిల్లలే.”

మౌలాలిలో ఆటో దిగేసరికి సైలస్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. సంచి అందుకుంటూ, “చెప్పినవా అమ్మా?” అన్నాడు.

“లేడని చెప్పిన.”

“గంతేనా?”

ప్రేమమణి చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

ఎరిక్‌ని గుద్దిన కారు నడిపింది తన కొడుకేనన్న మాట, తననే ఎరిక్ తల్లి అనుకుని కడుపులో పెట్టుకున్న ఆ మనుషుల ముందు, మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె నోటికి రాలేదు.