సుస్మిత ఏ దిక్కు కొడుతుంది?

"ఎంతిస్తుండ్రు సార్, బాల్కొండోళ్లు?"

సుస్మిత ఆ మాట గ్రౌండు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగానే అడిగింది. రాజమల్లు అప్పుడే బాల్కొండ అమ్మాయిల జట్టుతో కలిసి వ్యాను దిగాడు. ఒంటి మీద వాళ్ల నీలం టీషర్టు. పోయిన నెల దాకా ఆయన ఆర్మూర్ అమ్మాయిలకు ఫుట్‌బాల్ కోచ్. సుస్మిత ఆ జట్టు కెప్టెన్. ఇవాళ ఫైనల్ ఆ రెండు జట్ల మధ్యనే.

"నెలకు ముప్పై వేలు," అన్నాడు రాజమల్లు. ఆయనకు దాచడం చేతకాదు.

"పదేండ్లు మాకు ఉత్త చాయ్ మీద నేర్పిన్రు. గా ముక్క జర ముందుగాల చెప్తే, ఇంటికింత ఏస్కుంటుంటిమి గద సార్. గిట్ల ఎదురుంగ వచ్చి నిలవడ్తరా?"

ఆయన ఏదో అనబోయేలోగా ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ప్రతి ఆటకు ముందు వరసగా వచ్చి కాళ్లు మొక్కే పిల్లలు ఇవాళ ఆయన వైపు చూడను కూడా లేదు. గట్టు మీద కూర్చున్న ఆర్మూర్ జనం అనాల్సినవన్నీ అన్నారు. గల్ఫ్‌లో సంపాదించి వచ్చి బాల్కొండ జట్టును పోషిస్తున్న సాయిలు మాత్రం రాజమల్లు భుజం తట్టి, అవేవీ పట్టించుకోవద్దన్నాడు. కప్పు గెలిస్తే కొలువు ఖాయమని, ఓడితే మాత్రం ఎవరి దారి వారిదని నవ్వుతూనే మరోసారి గుర్తు చేశాడు.

ఆట మొదలైంది. చూడాల్సింది నీలం టీషర్టులను. రాజమల్లు కళ్లు మాత్రం పసుపు టీషర్టుల వెంటే పరుగెత్తుతున్నాయి. ఎట్లా మరచిపోతాడు? అప్పట్లో ఆర్మూర్‌లో ఆడపిల్లలకు గ్రౌండు ఎవరిచ్చారు గనుక! ఊరి చివర ముత్తెమ్మ పసుపు ఆరబోసే కల్లమే వాళ్ల గ్రౌండు. ఆడి ఇంటికి పోతే అరికాళ్లు పచ్చగా ఉండేవి. బడిలో పంతులమ్మ, ఎవరింట్లో పెళ్లయిందే అని అడిగేదట. ఎనిమిదేళ్ల సుస్మిత అన్న అంగీ తొడుక్కొని వచ్చేది. బంతిని తంతే బంతి కంటే చెప్పే ఎక్కువ దూరం పోయేది. ఆదివారం ఆయన టిఫిన్ డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి తలా సగం పంచేవాడు. తన సగం చప్పున మింగేసి, పక్కదాని సగం వైపు చూసేది సుస్మిత. ఎంత మంచి రోజులవి!

ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుంది. చెరో గోల్. సరిగ్గా అప్పుడే బాల్కొండ పిల్ల ఒకతి గోల్ ముందు బంతిని చేత్తో ఆపింది. ఆర్మూర్‌కు పెనాల్టీ. కొట్టేది సుస్మితే.

బాల్కొండ గోల్‌కీపర్ మానస నీళ్లు తాగే నెపంతో రాజమల్లు దగ్గరికి ఉరికొచ్చింది. "సార్, ఆమె ఏ దిక్కు కొడ్తది?"

ఆ సంగతి గ్రౌండులో ఇద్దరికే తెలుసు. కొట్టేదానికి, నేర్పినాయనకు. ముత్తెమ్మ కల్లంలో రెండు ఇటుకలు పెడితే అదే గోల్. బంతి కొట్టేవాళ్లకు కుడిపక్కన ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉండేది. బంతి అందులో పడిందా, ముత్తెమ్మ దాన్ని రెండు రోజులు ఇంట్లో పెట్టి తాళం వేసేది. ఆ భయానికి సుస్మిత కాలు ఎడమ దిక్కుకే అలవాటు పడింది. ఇన్నేళ్లలో ఒక్క పెనాల్టీ కూడా కుడికి కొట్టలేదు.

రాజమల్లు దూరంగా బంతి ముందు నిలబడ్డ సుస్మితను చూశాడు. గట్టు మీద నుంచి సాయిలు తననే చూస్తున్నాడని ఆయనకు తెలుసు.

"ఆమె కుడి దిక్కు కొడ్తది. నువ్వు నీ ఎడమకు దుంకు," అని మానస చెవిలో చెప్పాడు.

విజిల్ మోగింది. సుస్మిత కొట్టింది, ఎడమకే. మానస అవతలి పక్కకు దూకి మట్టిలో పడింది. బంతి వలలో పడింది. కప్పు ఆర్మూర్‌ది.

మానస ఏడుస్తూ జరిగింది చెప్పేసింది. సాయిలు గట్టు దిగి వచ్చాడు. "మా పైసలు తినుకుంట నీ ఊరోళ్లను గెలిపిస్తివా? ఇగ బాల్కొండ మొకం చూడకు," అని నలుగురిలో అనేసి, వ్యాను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ మాట క్షణంలో ఆర్మూర్ జట్టంతా పాకింది. సుస్మిత పరుగెత్తుకొచ్చి రాజమల్లు కాళ్ల మీద పడింది.

"పొద్దుగాల నోటికొచ్చినట్టు అన్న. మాఫ్ చెయ్యున్రి సార్. బాల్ పెట్టినంక నాకూ బుగులైంది. నా దిక్కు మీకెరికే గద, చెప్పేస్తరేమో, కుడికి కొడ్దమా అనుకున్న. మల్ల అనుకున్న, పైసలకు పోయినా మా సార్ మమ్మల్ని ముంచడు అని. గందుకే ఎడమకే కొట్టిన."

పిల్లలందరూ చుట్టుముట్టారు. పొద్దున తిట్టిన జనమే ఇప్పుడు ఆయన పేరు పెట్టి చప్పట్లు కొడుతున్నారు. రాజమల్లు కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, సంతోషమని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం సుస్మిత ముఖంలోకి చూడలేకపోయాడు.

కుడి అని మానసకు ఆయన చెప్పింది బాల్కొండను గెలిపించడానికే. తన మీద నమ్మకం చచ్చిపోయిన సుస్మిత ఈ ఒక్కసారి తప్పకుండా దిక్కు మారుస్తుందని లెక్కేసుకున్నాడు.