తలుపు వెయ్యని పెద్దాయన

"తలుపు వెయ్యండి పెద్దాయనా!"

టైలరమ్మ అరిచేలోపే గాలి తన పని కానిచ్చేసింది. బల్ల మీద పరిచిన కాగితం నమూనాలు, చొక్కా చేతులూ కాలర్లూ, గదంతా ఎగిరాయి.

"అయ్యో, మర్చిపోయానమ్మా" అన్నాడు ముసలాయన. తలుపు మాత్రం వెయ్యలేదు.

మూలనున్న మిషను దగ్గర పిల్ల కిసుక్కున నవ్వింది.

"నవ్వింది చాల్లే, ఏరు!"

పందెం కాసి ఈ కొట్టు అద్దాన్ని రాయితో పగలగొట్టింది ఆ పిల్లే. గాజుముక్కలు పడి, మర్నాడు ఇవ్వాల్సిన తెల్లగౌను చీలికలైంది. పోలీసులకు అప్పగించాల్సిందేనని టైలరమ్మ భీష్మించుకుంది. పేటలోవాళ్లు మాత్రం అందర్నీ లైబ్రరీ హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించారు. పిల్ల తప్పు ఒప్పుకుంది. రోజూ సాయంత్రం కొట్టుకొచ్చి, అలాంటి గౌను తన చేత్తో కుట్టివ్వాలి. కుదరలేదని టైలరమ్మ ఒక్క మాటంటే మళ్లీ పోలీసులే.

"ఈ పిల్లకు పూచీ నేను" అని ఆ రోజు చెయ్యెత్తింది ఈ ముసలాయనే.

అప్పట్నుంచి రోజూ రావడం, స్టూలు మీద చతికిలబడటం, తలుపు బార్లా వదిలెయ్యడం.

గౌను పూర్తికావస్తుండగా పిల్ల ఇస్త్రీపెట్టెను దాని మీదే మర్చిపోయింది. తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు మచ్చ.

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఇక నా వల్ల కాదు! లోపల పడేస్తేగానీ నీకు బుద్ధి రాదు."

పిల్ల గోడకు అతుక్కుపోయింది.

"రాదమ్మా" అన్నాడు ముసలాయన మెల్లగా. "తలుపు మూసిన చప్పుడుకి మొదటి రోజు ఏడుస్తారు. తర్వాత్తర్వాత ఏడవరు. అదే భయం."

"చూసొచ్చినట్టే చెబుతున్నారే!"

"చూశానమ్మా. ఏళ్ల తరబడి చూశాను."

టైలరమ్మ గతుక్కుమంది. ఓహో, ఈయనా ఆ బాపతేనన్నమాట! మంచి పూచీయే దొరికింది! ఆమె చెయ్యి తనంతట తనే వెళ్లి గల్లాపెట్టెకు తాళం వేసింది.

తాళం చప్పుడు ముసలాయన విన్నాడు.

"అక్కా" అంది పిల్ల. "ఆ మచ్చ మీద పువ్వు కుడతాను. బాగోకపోతే అప్పుడు పంపించెయ్."

కుట్టింది. తప్పు కుట్లు విప్పి మళ్లీ కుట్టింది. గౌను కుట్టించుకున్నావిడ ఆ పువ్వునే పదిమందికీ చూపించుకుంది.

లైబ్రరీ హాల్లో మళ్లీ కుర్చీలు గుండ్రంగా వేశారు.

"పోలీసూ లేదు, గీలీసూ లేదు" అంది టైలరమ్మ. "ఈ పిల్ల నా దగ్గరే పని నేర్చుకుంటుంది. దీని చెయ్యి బంగారం."

అందరూ చప్పట్లు కొట్టారు. ముసలాయన కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదట.

మరో వారానికి ఆయన కూతురు కొట్టుకొచ్చింది. తలుపు జాగ్రత్తగా మూసింది.

"హమ్మయ్య! ఈ అలవాటు మీ నాన్నగారికి కూడా నేర్పకపోయావా తల్లీ?"

"నాన్న పోయారండీ. ఈ పిల్ల బొత్తాలు కుట్టిచ్చిన చొక్కాతోనే సాగనంపాం. చెప్పిపోదామని వచ్చాను."

మిషను ఆగిపోయింది. పిల్ల తలెత్తలేదు.

టైలరమ్మ స్టూలు వైపు చూసింది. "పాపం, చిన్నప్పుడు లోపలుండి వచ్చిన మనిషి కదా అని, ఆయన ముందే గల్లాపెట్టెకు తాళం వేశానమ్మా. క్షమించమని అడగాలనుకుంటూనే..."

"లోపలుండటమా? నాన్న ఖైదీ కాదండీ."

కూతురు కళ్లు తుడుచుకుంది.

"పిల్లల జైల్లో కావలి ఉద్యోగం. రోజూ సాయంత్రం వాళ్లను గదుల్లోకి పంపి తాళాలు వేసింది ఆయనే. అది మానేసి వచ్చిన రోజు నుంచి మరే తలుపూ తన చేత్తో వెయ్యలేదు."