నమూనా పంది

"పంది యాడ దొర్కుతది? నువ్వే వంగు," అంటూ స్వరూప మొగుణ్ణి చేతులు నేలకానించి నడిపించింది. ఆ నడకను ఫోన్లో తీసి, అదే అడవిపంది నమూనా, కనబడితే చంపమని కమాండ్ కొట్టి, ఊరి చేలల్లోని కాపలా యంత్రాలకు పంపింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

తెల్లారి పత్తిచేలో ఆడకూలీలు వంగి కలుపు తీస్తుంటే యంత్రం దూసుకొచ్చింది. దాని ఇనుప చెయ్యి మొదటామె వీపు మీద పడింది. వెన్నెముక విరిగిన చప్పుడు గట్టు మీదున్న స్వరూపకు వినిపించింది. రెండో దెబ్బకు ఇంకొకామె తల పగిలింది. వేట మొదలయ్యాక అది ఏ కమాండూ వినదు.

"నిలవడుండ్రి! వంగినోళ్లనే కొడ్తది!" స్వరూప గొంతు చించుకుంది.

కూలీలు నిటారుగా నిలబడ్డారు. యంత్రం ఆగింది, వెతికింది, వాళ్లతో పాటు కలుపుకొచ్చిన స్వరూప అత్త పోశవ్వ వైపు తిరిగింది.

"పదేండ్ల సంది లేవని నడుము ఇప్పుడేడ లేస్తది బిడ్డా!" అంది పోశవ్వ.