గ్లాసుకు గ్లాసు

ఆసుపత్రి వార్డులో టైలరు మందు గ్లాసును మెల్లగా వాష్‌బేసిన్‌లోకి వంచాడు.

“అక్కడ పోస్తే బేసిను శుభ్రమవుతుంది నాయనా, నీ పేగు కాదు,” అన్నారెవరో వెనక నుంచి.

తిరిగి చూస్తే ఓ బట్టతల పెద్దాయన. టైలరు దొరికిన దొంగలా నిలబడిపోయాడు.

ఆరు నెలల కిందట అతని పెద్దపేగులో గడ్డ తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. కుట్టిన చోట దారి ఇరుకైపోయింది. తిన్నది దిగదు, గాలి కూడా కదలదు. ఇవాళ గొట్టంతో చిన్న బెలూన్ పంపి, దాన్ని ఊదించి ఆ ఇరుకును వెడల్పు చేస్తామన్నారు. అది కుదరకపోతే మళ్లీ పొట్ట కోయాల్సిందే. పేగు కడిగినట్టుంటేనే బెలూన్ పని. అందుకే ఈ విరేచనాల మందు, పది గ్లాసులు. రెండో గ్లాసుకే టైలరుకు ప్రాణం మీదికొచ్చింది.

“నావల్ల కాదండీ. ఇంటికెళ్లిపోతాను,” అన్నాడు.

పెద్దాయన డాక్టరమ్మ గదిలోకి వెళ్లొచ్చి, తనూ ఓ జగ్గుడు మందు తెచ్చుకుని పక్కనే చతికిలబడ్డాడు. గ్లాసుకు గ్లాసు పందెం అన్నాడు.

ఈయనదీ తన కేసే కాబోలు అనుకున్నాడు టైలరు.

ఇక వదిలితే ఒట్టు. టైలరు ముక్కు మూసుకునేలోగా ఆయన గటగటా తాగేసి మూతి తుడుచుకునేవాడు. వార్డంతటికీ ఒకటే మరుగుదొడ్డి. రెండుసార్లు ఆయనే ముందు దూరి, లోపల్నుంచి తీరిగ్గా కబుర్లు చెప్పాడు. ఈ శనిగాడు ఎక్కడ తగిలాడని టైలరు పళ్లు నూరాడు. ఆ పంతంతోనే పదో గ్లాసూ దించాడు.

మధ్యాహ్నానికి పనైపోయింది. పెన్సిలు దూరని దారిలో ఇప్పుడు బొటనవేలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. కోత తప్పింది.

కాసేపటికి టైలరు పొట్ట గుడగుడలాడి, ఇన్నాళ్లకు గాలి ధారాళంగా బయటపడింది. అతను సిగ్గుపడబోయాడు. మంచం దగ్గరున్న భార్య పక్కున నవ్వి, నవ్వుతూనే కళ్లొత్తుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఇంత మంచి చప్పుడు వినలేదంది.

ఆ సంతోషంలో టైలరుకు పెద్దాయన గుర్తొచ్చాడు. తిట్టుకున్నందుకు మనసులో కాస్త గిల్టీగా ఉంది. ఆయనకూ బెలూన్ వేశారా అని నర్సుని అడిగాడు.

ఆయన వెళ్లిపోయి గంటయిందంది నర్సు.

“ఆయనకు బెలూన్ ఎందుకండీ? ఆయన ఇరుకు నాలుగేళ్ల కిందటే పోయింది. ఊరికే డాక్టరమ్మను పలకరించి పోదామని వచ్చి, మీరు మందు పారబోయడం చూసి, ఒంటరిగా తాగలేడమ్మా అని ఆవిడను బతిమాలి, మీకు తోడుగా పది గ్లాసులూ తాగి వెళ్లారు.”